వైకుంఠం అన్న ముఖానికి సర్వహక్కులు

“నేటి నుంచి నాది ఉత్త ముఖం కాదు. మేధో సంపత్తి!”

మొఘల్‌పురా ఫంక్షన్ హాల్లో మైకు ముందు నిలబడి వైకుంఠం అన్న ఈ మాట ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. మేధో సంపత్తి అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ హాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. తెలియనివాళ్లే గట్టిగా కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు పురుషోత్తం.

వైకుంఠం అన్న పార్టీకి నగర ప్రధాన కార్యదర్శి. పురుషోత్తం అన్నకు కుడిభుజం. ఈ సంగతి అన్నకు తెలుసో లేదో గానీ పురుషోత్తానికి మాత్రం బాగా తెలుసు. అయితే ఫ్లెక్సీల దగ్గరికి వచ్చేసరికి అతని స్థానం కింది వరుసలో, ఎడమ చివర, పావలా బిళ్లంత గుండ్రంలో. పాతబస్తీలో మనిషి విలువ తెలుసుకోవాలంటే ఆధార్ కార్డు అడగరు, ఫ్లెక్సీలో ఏ మూలన ఉన్నాడో చూస్తారు. పై వరుసలో, అన్న పక్కన, భుజానికి భుజం తగిలేలా నిలబడాలన్నది పురుషోత్తం జీవితాశయం. బోనాలకు అడిగాడు, రంజాన్‌కు అడిగాడు, న్యూ ఇయర్‌కు అడిగాడు. “చూద్దాం తీయ్” అన్నాడు అన్న. పురుషోత్తం పెళ్లి ఫ్లెక్సీలో కూడా నడుమ అన్నే నిలబడ్డాడు. పెళ్లికొడుకు కింది వరుసలోనే ఉన్నాడు.

అన్న ముఖం మేధో సంపత్తి కావడానికి బలమైన కారణమే ఉంది. మలక్‌పేటలో జుట్టు మొలిపించే క్లినిక్ ఒకటి అన్న ఫోటోను ‘చికిత్సకు ముందు’ అని బోర్డు మీద వేసుకుంది. తన బట్టతల నలుగురికీ ఉపయోగపడటం అన్నకు ఇష్టమే. ‘చికిత్స తర్వాత’ అన్న చోట ఎవడో వేరేవాడు నవ్వుతూ ఉండటమే తట్టుకోలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే హైటెక్ సిటీ నుంచి ముఖరక్ష టెక్నాలజీస్ వారి ప్రతినిధి వివేక్ ల్యాప్‌టాప్ పట్టుకుని దిగాడు.

“సార్, మీ ఫేస్ ఒక బ్రాండ్ అసెట్. ఎవరు పడితే వారు వాడేస్తున్నారు. మాకు అప్పగించండి, మేం ప్రొటెక్ట్ చేస్తాం. వాడాలంటే లైసెన్స్ తీసుకోవాల్సిందే. సిల్వర్ ప్లాన్‌లో ముఖం మాత్రమే. గోల్డ్‌లో చిరునవ్వు కూడా.”

ఫోన్లో ఒప్పందం తెరిచి చూపించాడు. అన్న తనకు వచ్చిన వినతిపత్రాలన్నీ ఎంత శ్రద్ధగా చదివాడో దీన్నీ అంతే శ్రద్ధగా చదివాడు. బొటనవేలితో కిందికి తోసుకుంటూ పోయి, అడుగున ‘ఐ అగ్రీ’ నొక్కాడు.

కంపెనీ వారు సంతోషించి, ముఖం చూసి తలుపు తీసే మిషన్ ఒకటి ఫంక్షన్ హాలు గుమ్మానికి ఉచితంగా బిగించారు. ప్రకటన రోజున గడ్డం గీయించుకుని వచ్చిన ఒక విలేకరిని ఆ మిషన్ గుర్తుపట్టక బయటే నిలబెట్టింది. అతను ఎదురుగా ఉన్న హోటల్ బెంచీ మీద కూర్చుని, చాయ్ తాగుతూ వార్త రాసి పంపాడు. లోపలికి వెళ్లినవాళ్ల వార్తకూ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

చట్టాన్ని అమలు చేసే బాధ్యత కుడిభుజానిది కదా. పురుషోత్తం నేరుగా దస్తగీర్ ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లాడు.

దస్తగీర్ పనితనం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అతని కంప్యూటర్‌లో మొండెం ఒక్కటే ఉంటుంది. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, జోడించిన చేతులు. ఏ పార్టీ నాయకుడైనా తల ఒక్కటి తెచ్చుకుంటే చాలు, దస్తగీర్ అతికిస్తాడు. నాయకులు పార్టీలు మారారు, చొక్కా మాత్రం మారలేదు. ఆ చేతులు దస్తగీర్ బావమరిదివి. ఆయన బండ్ల మెకానిక్. దగ్గరికెళ్లి చూస్తే గోళ్లలో గ్రీజు కనబడుతుంది. ప్రజాసేవ చేసీ చేసీ అట్లా అయ్యాయని జనం అనుకుంటారు.

“దస్తగీర్ భాయ్, ఇయ్యాల్టి సంది లైసెన్స్ లేకుంట అన్న మొఖం కొట్టొద్దు,” అన్నాడు పురుషోత్తం.

“కైకూ భాయ్? గిన్ని దినాలు కొట్టలేదా?”

“గప్పుడది మొఖం. ఇప్పుడు కంటెంట్.”

“మరి చేతులు?”

“చేతులకు ఫికర్ లేదు. అగ్రిమెంటు మెడ దాంకనే.”

దస్తగీర్ గడ్డం గోక్కున్నాడు. “నా సాఫ్ట్‌వేరే దొంగది భాయ్. ఈ గల్లీల అందరిదీ గదే. దొంగ సాఫ్ట్‌వేర్‌ల ఒరిజినల్ మొఖం ఎట్ల కూసుంటది?”

పురుషోత్తం అటూ ఇటూ చూశాడు. “దొంగది గిట్ల అని బయట అనకు. పాత వెర్షన్ అను.”

మర్నాడే కంపెనీ మనుషులు వచ్చి దస్తగీర్ కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ‘రక్షణ’ ఎక్కించిపోయారు. సాఫ్ట్‌వేర్ దొంగదన్న సంగతి వాళ్లు పట్టించుకోలేదు, అది వేరే కంపెనీ వారి బాధ. అప్పటినుంచీ లైసెన్స్ లేకుండా అన్న ఫోటో తెరిస్తే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ప్రత్యక్షమయ్యేది.

ఇంతలో అన్న పుట్టినరోజు వచ్చింది. యువజన విభాగం అధ్యక్షుడు పింటూ కుర్రాళ్లందరినీ పోగేసి సిల్వర్ ప్లాన్ తీసుకున్నాడు. సిల్వర్‌లో నవ్వు రాదు గదా. నవ్వు లేని అన్న ముఖం చుట్టూ దస్తగీర్ అలవాటు ప్రకారం బంతిపూల దండ వేసి, రెండు వైపులా రెండు దీపాలు పెట్టాడు. తెల్లవారేసరికి ఫ్లెక్సీ బహదూర్‌పురా చౌరస్తాలో నిలబడింది.

పొద్దున్నే అన్న ఇంటి ముందు జనం పోగయ్యారు. దండలతో వచ్చారు. తలుపు అన్నే తీశాడు.

ఒక పెద్దాయన అన్న చేతులు పట్టుకుని బావురుమన్నాడు. “ఎప్పుడైంది బిడ్డా?”

“ఏంది బాపు అయ్యేది?”

“పోవుడు.”

టెంట్ హౌస్ యజమాని షామియానా, కుర్చీలు దింపేసి, తిరిగి తీసుకుపోవడానికి ససేమిరా ఒప్పుకోలేదు. “ఇయ్యాల గాకుంటే ఇంకోనాడు పనికొస్తయ్ గదన్నా,” అన్నాడు. వదినమ్మ లోపల ఫోన్లు ఎత్తీ ఎత్తీ, “లేదండీ, ఇంకా ఉన్నరు” అని చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంది.

“నవ్వే ఫోటో పెట్టుమను పురుషోత్తం!” అని అన్న అరిచాడు.

“గోల్డ్ తీస్కోవాలన్నా.”

“ఎవలు?”

“ఎవలన్న తీస్కోవాలన్నా.”

ఎవరూ తీసుకోలేదు. అభిమానం వేరు, సబ్‌స్క్రిప్షన్ వేరు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. డిజిటల్ హక్కుల మండలి అని కొత్తగా ఒకటి పెడుతున్నారు, దానికి చైర్మన్ కావాలి, అన్న కన్ను ఆ కుర్చీ మీదే ఉంది. అధిష్ఠానం నుంచి పరిశీలకురాలిగా విమలాదేవి గారు వస్తున్నారు. పార్టీలో పరిశీలన ఎంతో శాస్త్రీయంగా జరుగుతుంది. పరిశీలకులు కారెక్కి మలక్‌పేట నుంచి బహదూర్‌పురా దాకా వస్తారు. దారిలో ఎవరి ముఖం ఎక్కువసార్లు కనబడితే ఆయనకు ప్రజాబలం ఉన్నట్టు. దీన్నే సర్వే అంటారు.

పుట్టినరోజు ఫ్లెక్సీని ఆ రోజే పీకించేశారు, నవ్వు లేని ముఖాన్ని మళ్లీ పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. దాంతో అన్న ముఖం దారిలో ఎక్కడా లేదు. పింటూ దస్తగీర్ దుకాణంలోకి వచ్చి లొల్లి మొదలుపెట్టాడు.

“ఏందే పురుషోత్తమన్నా గిది? నడుమ పెద్ద మొఖం లేకుంటే కింద మేమందరం ఎవలకు దండం పెడుతున్నట్టు? మా అత్తగారోళ్లు చూస్తే నవ్వరా?”

పురుషోత్తం తల పట్టుకున్నాడు. అన్నంటే అతనికి ప్రాణం. అన్న జాగా ఖాళీగా ఉంటే మరో గల్లీ నాయకుడెవడో వచ్చి కూర్చుంటాడు. బస్సులో సీటు పోకుండా దస్తీ వేసి ఉంచడం ఈ ఊళ్లో అందరికీ తెలిసిన మర్యాదే. చివరికి భయపడుతూ భయపడుతూ అన్నాడు.

“అన్న లైసెన్స్ లొల్లి తెగేదాంక నడుమ నా మొఖం పెట్టుండ్రి. నా మొఖానికి సిల్వర్, గోల్డ్ గిట్ల ఏం లెవ్వు. ఎవలన్న వాడుకోండ్రి. నవ్వు గూడ ఫ్రీ.”

అంతే. ఆ మాట గల్లీ గల్లీకి పాకింది. పింటూ ఫ్లెక్సీలో పురుషోత్తం, కబడ్డీ పోటీల ఫ్లెక్సీలో పురుషోత్తం, హలీమ్ భట్టీ మీద పురుషోత్తం, స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు మీద పురుషోత్తం. మలక్‌పేట క్లినిక్ వారైతే ముందూ అతన్నే, తర్వాతా అతన్నే వేసుకున్నారు. తర్వాతకు కావాల్సిన జుట్టు దస్తగీర్ అతికించి ఇచ్చాడు. దారిన పోతూ తన ముఖాన్ని అంత పెద్దగా చూసుకున్నప్పుడల్లా పురుషోత్తానికి గుండె ఝల్లుమనేది, ఆ వెంటనే సిగ్గేసేది, ఆ వెంటనే ఇంకోసారి చూడాలనిపించేది.

విమలాదేవి గారు వచ్చారు. ఫంక్షన్ హాల్లో సభ. పెద్దావిడ వస్తున్నారని ఆ రోజు తలుపులు బార్లా తెరిచి పెట్టారు. వెనకాల ఇంతెత్తు ఎల్ఈడీ తెర, దానికీ కంపెనీ వారు ‘రక్షణ’ ఎక్కించారు. అన్న మైకు అందుకున్నాడు. తెర మీద అన్న చొక్కా కనబడింది, ఉంగరాలు కనబడ్డాయి, మెడ పైన బూడిదరంగు డబ్బా కనబడింది. అన్న ఎడమకు తిరిగితే డబ్బా ఎడమకు తిరిగింది. అన్న ఆవేశంతో ఊగిపోతే డబ్బా ఊగిపోయింది.

విమలాదేవి గారు ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి తెరనే చూశారు. పెద్దలకు అదే అలవాటు.

“ఎవరండీ ఆయన? ముఖం ఎందుకు దాచుకుంటున్నారు?”

అన్న మైకు చేత్తో మూసి, వేదిక పక్కన ల్యాప్‌టాప్‌తో నిలబడ్డ వివేక్ మీద విరుచుకుపడ్డాడు. “అరే, నా మొఖం నాది గాదా?”

“మీదే సార్. ఓనర్‌షిప్ హండ్రెడ్ పర్సెంట్ మీదే. వాడుకునే హక్కు మాది. లైవ్‌లో కనబడాలంటే ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ కావాలి.”

“మరి నాకేం మిగిలింది?”

“క్రెడిట్ సార్. కింద చిన్నగా మీ పేరు వేస్తాం.”

విమలాదేవి గారు చుట్టూ చూశారు. “దారి పొడుగునా కనిపించారు చూడండి, ఆ నవ్వు ముఖం ఆయన ఎక్కడ?”

ఆయన అన్న వెనకాలే, అన్న మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. విమలాదేవి గారు సీసా లాగి పక్కన పెట్టి, ఆ చెయ్యి పైకెత్తారు. పురుషోత్తం చైర్మన్ అయ్యాడు. సంతోషంతో సభ వైపు తిరిగి నవ్వాడు, దుఃఖంతో అన్న వైపు చూడబుద్ధి కాలేదు. తీరా చూసేసరికి అన్న పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే వివేక్ మళ్లీ దిగాడు. “చైర్మన్ గారూ, మీ ముఖం అనాథలా తిరుగుతోంది. జుట్టు క్లినిక్‌లో కూడా చూశాను. పదవికి గౌరవం కాదు సార్.”

“అన్న లెక్క చదవకుంట నొక్కుతా అనుకున్నవా?” అన్నాడు పురుషోత్తం కఠినంగా. “నేను చదివినంకనే నొక్కుత.”

అన్నట్టుగానే చదివాడు. మొదటి వాక్యంలో ‘అభినందనలు’ అని ఉంది. పురుషోత్తం సంతోషించి నొక్కాడు.

చైర్మన్ గారి సన్మానం అదే ఫంక్షన్ హాల్లో పెట్టారు. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ పురమాయించారు. దస్తగీర్ ఫైలు తెరిస్తే తల రాలేదు, బూడిదరంగు డబ్బా వచ్చింది. అతను డబ్బాను కత్తిరించేసి, మిగిలిన తెల్ల చొక్కా, పెన్ను, జోడించిన చేతులు ప్రింటు తీసి తగిలించేశాడు. “తలకాయ ఆయన తెస్తడు గద,” అన్నాడు.

పురుషోత్తం కొత్త చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. మిషన్ అతన్ని తేరిపార చూసింది.

“ఈ ముఖం వాడుకొనుటకు మీకు అనుమతి లేదు,” అంది ఆడగొంతుతో.

పురుషోత్తం నవ్వి చూశాడు.

“గోల్డ్ ప్లాన్ అవసరం,” అంది.

“అరే పింటూ! తల్పు తీయ్‌రా! నేనురా!” అని అద్దాల తలుపు బాదాడు. లోపల మర్ఫా డప్పులు మోగుతున్నాయి, ఎవరికి వినబడుతుంది? అద్దంలోంచి అంతా కనబడుతూనే ఉంది. విమలాదేవి గారు ఫ్లెక్సీకి శాలువా కప్పారు. మెడ ఆగిపోయిన చోట దండ తగిలించారు. మెకానిక్ చేతుల దగ్గర బొకే ఆనించారు. ఫోటోలు తీశారు. తర్వాత మైకులో ఆవిడ గొంతు బయటిదాకా వినిపించింది.

“మాటలు తక్కువ, పని ఎక్కువ! ఇలాంటి నాయకుడే నేడు కావాలి!”

హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పింటూ ఈల వేశాడు.

పురుషోత్తానికి ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగాడు. ఎదురుగా హోటల్ బెంచీ మీద వైకుంఠం అన్న చాయ్ తాగుతున్నాడు. శిష్యుడి సన్మానం చూద్దామని వచ్చాడట, మిషన్ అతన్నీ రానివ్వలేదు. అన్న కొంచెం జరిగి చోటిచ్చాడు.

“రా పురుషోత్తం. గిట్లొచ్చి పక్కకు కూసో.”

ఎన్ని బోనాలు, ఎన్ని రంజాన్‌లు ఎదురుచూసిన మాట అది. పురుషోత్తం వెళ్లి కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలింది.

సామాన్లు సర్దుకుని వెనక తలుపు గుండా బయటికి వచ్చిన దస్తగీర్ వాళ్లిద్దరినీ చూసి ముచ్చటపడ్డాడు. “వా భాయ్! మస్తున్నరు. హిలో నక్కో, కదలకుండ్రి, ఫోటో కొడ్త,” అని ఫోన్ తీసి, ఒక కన్ను మూసి నొక్కాడు.

పురుషోత్తం ఆత్రంగా ఫోన్ లాక్కుని చూశాడు. బెంచీ మీద రెండు బూడిదరంగు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. చాయ్ కప్పు మాత్రం చాలా బాగా పడింది.