ఇత్తడి రేకు, ఎర్రబడ్డ స్వామి

సిరిసిల్లలో ఆ ఉదయం శ్రీధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పోగు తెగిన మరుక్షణం సాంచాను, అంటే మరమగ్గాన్ని, ఆపేసే బోర్డు ఒకటి తయారుచేయాలి. పన్నెండింటికల్లా నర్సింగం సేటుకు చూపించాలి. నచ్చితే ఆయన నలభై సాంచాలకూ ఆర్డరు. లేదంటే మూడు నెలల కష్టం గంగపాలు.

బోర్డు మీద టంకం ముద్దను ఉండాల్సిన చోటే పూయడానికి సన్నని చిల్లుల రేకు కావాలి. బయట చేయించే వ్యవధి లేక, ఇత్తడి రేకు మీద గళ్లు అచ్చువేసి, లోహాన్ని తినే గోధుమరంగు మందునీళ్ల ట్రేలో వేశాడు. చిల్లులు పడడానికి అరగంట. ఈలోగా టంకం తెద్దామని బజారుకు వెళ్లాడు. ట్రే దగ్గర ఒక చీటీ పెట్టాలన్న ఆలోచన రాలేదు మహానుభావుడికి.

తిరిగొచ్చేసరికి తల్లి గౌరవ్వ ట్రే ముందు కూర్చుని ఉంది.

"ఇత్తడి తోమనీకి చింతపండు నానేసినవ్ గద కొడుకా. మన స్వామిని గూడ గండ్లనే ఏసిన."

శ్రీధర్ చేతిలోని టంకం అక్కడే పడేశాడు. తల్లిని నల్లా దగ్గరికి లాక్కెళ్లి చేతులు కడిగాడు. "అవ్వా, గది చింతపులుసు గాదు, మందు!" ఆమె వేళ్లకు అంటిన గోధుమరంగు మరక పోలేదు. కొండగట్టు నుంచి తెచ్చుకున్న ఇత్తడి ఆంజనేయుణ్ణి బయటికి తీస్తే నెత్తిన ఇంకో పిడుగు: పచ్చగా మెరిసే స్వామి నిలువెల్లా ఎర్రబడి ఉన్నాడు.

"సిందూరం!" అన్న గౌరవ్వ కేక పక్కింటి కొమురమ్మకు వినబడింది. కొమురమ్మకు వినబడ్డాక వాడకు వేరే చెప్పాలా? పది నిమిషాల్లో ఇల్లంతా కొబ్బరికాయల చప్పుడు. "మందు పని గిది, మహిమ గాదు!" అని శ్రీధర్ గుమ్మంలో మొత్తుకుంటుంటే ఒక్కరూ వినలేదు. ట్రేలోనే ఉండిపోయిన రేకు గుర్తొచ్చేసరికి గంట దాటింది. చిల్లులన్నీ కలిసిపోయి ఒకటే పెద్ద కంత మిగిలింది. ఇంట్లో మరో రేకు లేదు. ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే బోర్డు చూడ్డానికి నర్సింగం సేటు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"సేటూ, బోర్డు కాలేదు. నిజం చెప్తున్న, గిది స్వామి మహిమ గూడ గాదు. నా మందునీళ్లల్ల పడ్డడు, రంగు మారింది. గంతే."

సేటు ఎర్రని స్వామినీ, కంత పడ్డ రేకునూ మార్చి మార్చి చూశాడు. "గీ నీళ్లల్ల ముంచిన రేకులతోనేనా నా సాంచాలకు బోర్డులు చేసేది?"

"అవ్ సేటూ."

"నలభైకి నలభై చెయ్యి. చూసుడు గీసుడు అక్కర్లే."

శ్రీధర్ సేటును ఎగాదిగా చూశాడు. పోగు తెగితే కరెంటు ఎలా ఆగుతుందో ఎన్నిసార్లు వివరించినా తల ఊపని మనిషి!

"ఒక్కటే మాట," అన్నాడు సేటు, కళ్లు మూసి దండం పెడుతూ. "బోర్డులు నువ్వే చెయ్యి. రేకు మాత్రం మీ అవ్వ ముంచాలె."

గౌరవ్వ అప్పటికే తలస్నానానికి నీళ్లు తోడుకుంటోంది.