మామయ్యకు మెరుగులు

శుభవార్త వచ్చేసరికి సింధూజ వంకాయలు కోస్తోంది. ఫోను పిట్టలా కిచకిచమంది. నిన్నటిదాకా దానికి ఆ గొంతు లేదు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని చదివింది, నమ్మకం చాలక మళ్లీ చదివింది, కత్తిపీటను అక్కడే వదిలేసి మగ్గం గదిలోకి పరుగు తీసింది.

"మామయ్యా, మన చిలుకల చీర గురించి హైదరాబాదు మేడమ్ రాసింది. దగ్గరికెంచి ఫోటో తీసి పంపమన్నది. చేత్తోటి నేసిందే అయితే ఆమెనే వచ్చి తీస్కపోతదట."

లక్ష్మీనర్సయ్య పోగును అటూ ఇటూ తిప్పే నాడె ఆపకుండానే "గట్లనా" అన్నాడు. అంతే. కానీ మీసం ఒక పక్క లేచింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక సింధూజ నేర్చుకున్న మొదటి భాష ఆ మీసమే.

చండూరు దగ్గరి ఆ ఊళ్లో చిటికి చీరలు నేస్తారు. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, అప్పుడు నేసే చీరలవి. అచ్చు అలాగే కనిపించే ప్రింటు చీరలు బజారుకొచ్చాక అడిగేవాళ్లు తగ్గిపోయారు. "చేత్తోటి నేసిందని తెలిసి ఒక్కరన్న అడిగితే సరే. లేకుంటే ఇదే కడపటి చీర. మగ్గం ఇప్పి ఈ అర్ర పిల్లలకిస్త" అని మొన్న దసరాకు లక్ష్మీనర్సయ్య తేల్చి చెప్పాడు. గది దొరుకుతుందంటే కొత్త జంట సంబరపడాలి. కానీ కొల్లాపూర్ నుంచి వచ్చిన సింధూజకు ఆ టకటక వింటూ నిద్ర లేవడం అలవాటైపోయింది. అందుకే జంట చిలుకల బొమ్మ గీసి మామయ్య ముందు పెట్టింది. తెల్లారి చూస్తే ఆయన నూలుకు ముడులు కడుతున్నాడు. ఆ బొమ్మనే ఆమె చేనేత ఇష్టపడేవాళ్ల ఫోను గ్రూపులోనూ పెట్టింది. అది చూసే ఇవాళ స్వర్ణలత అనే రిటైరైన టీచరమ్మ కూతురి పెళ్లి కోసం అడిగింది.

ఫోటో తియ్యడానికి ఇంతకన్నా మంచి రోజు లేదనుకుంది సింధూజ. నల్లగొండలో మోటార్ల దుకాణంలో పనిచేసే ఆమె భర్త దయాకర్, పొద్దున బండెక్కబోతూ ఆమె ఫోనుకు కొత్త అప్‌డేట్ వేశాడు. కొత్తగా వచ్చినవన్నీ తనే ఆన్ చేశాడు.

"మధ్యాహ్నం వీడియో కాల్ల ఇంకా మంచిగ కనపడ్తవ్" అన్నాడు.

"అంటే ఇప్పుడు మంచిగ లేనా?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. దుకాణానికి ఆలస్యమైంది. అప్పటి నుంచీ ఆమె ప్రతి అయిదు నిమిషాలకూ ఫోను తీసి మురుస్తూనే ఉంది. గడియారం అంకెలకు తీగలు అల్లుకున్నాయి. బ్యాటరీ నిండితే ఒక చేప తోకాడిస్తోంది.

మగ్గం మీద చివరికొచ్చిన చీర ఫోటో కూడా బ్రహ్మాండంగా వచ్చింది. చిలుకల ముక్కులు బ్లేడుతో కోసినట్టున్నాయి. పంపి, కూర తాళింపు పెడుతుండగానే జవాబు వచ్చింది. ఇది ప్రింటు చీరని, చిటికి చీరలో రంగు అంచు పొగలా కాస్త చెదురుతుందని, ఇందులో గీత గీసినట్టుందని, దయచేసి పెద్దవాళ్లను మోసం చేయొద్దని స్వర్ణలత రాసింది.

అది చదివి వినిపించాల్సి రావడం సింధూజకు ఈ ఇంట్లో పడ్డ మొదటి కష్టం. లక్ష్మీనర్సయ్య నాడె పక్కన పెట్టాడు. మీసం రెండు పక్కలా దిగింది.

"నేసుడే చూపిస్త, ఉండు మామయ్యా" అని ఆమె అక్కడికక్కడే వీడియో కాల్ చేసింది. తెర మీద మామయ్య నిగనిగలాడుతున్నాడు. కిటికీ వెలుతురు బాగుందనుకుంది. మగ్గం మాత్రం మసక మసగ్గా కనిపిస్తోంది. తాళింపు పొగ అనుకుని కెమెరాను కొంగుతో తుడిచింది. మరింత మసకబారింది.

"మీ మామగారిని చూపిస్తానని ఈ కుర్రాడినెవరినో కూర్చోబెట్టావేమ్మా?" అంది స్వర్ణలత.

"మా మామయ్యనే మేడమ్. అరవై దాటినయ్."

"అరవయ్యా? మొహం మీద ఒక్క ముడత లేదు. వెనకాల చూస్తే ఏదో మబ్బు. మగ్గం ఏది?"

ఆయన నేస్తే తెలుస్తుందని సింధూజ సైగ చేసింది. లక్ష్మీనర్సయ్య ఉన్న బలమంతా పెట్టి మగ్గం ఆడించాడు. ఇంటి కప్పు అదిరింది. అవతల స్వర్ణలతకు మాత్రం చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా వినపడలేదు.

"చప్పుడు లేని మగ్గం నేనెక్కడా చూడలేదమ్మా. నటించడానికైనా కాస్త చదువుండాలి" అని ఆమె పెట్టేసింది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అత్త సుభద్రమ్మకు ఆ గొడవేమీ పట్టలేదు. ముడతల్లేని మామయ్య ఆఖరి బొమ్మ తెర మీద అలాగే నిలిచిపోయింది. ఆమె చూపూ అక్కడే నిలిచిపోయింది. మెల్లగా కొంగు తల మీదికి లాక్కుంది.

"పెండ్లినాడు గిట్లనే ఉండె" అంది, ఎవరితోనూ కానట్టు.

లక్ష్మీనర్సయ్య మగ్గం దిగి, అరుగు మీద కూర్చుని గోడకేసి చూడసాగాడు. ఆ వీధిలో పొద్దుటి పూట నడుస్తున్న మగ్గం ఆగిందంటే ఇంట్లో ఎవరికో ఏదో అయిందనే లెక్క. పక్కింటి జన్నత్ బీ మిషన్ మీద కుడుతున్న జాకెట్ వదిలేసి వచ్చింది. గోడకేసి చూస్తున్న ఆయన్ని, తల మీద కొంగేసుకుని కళ్లు తుడుచుకుంటున్న సుభద్రమ్మను, ముక్కు ఎర్రబడ్డ కొత్త కోడలిని చూసింది. ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లి దయాకర్‌కు ఫోన్ చేసింది. "మీ బాపు మగ్గం ఆగింది బేటా. ఫికర్ చెయ్యకు గని, జల్ది రా."

అంతకన్నా ఫికర్ చేయించే మాట లేదు. దయాకర్ దుకాణంలో చెప్పను కూడా చెప్పకుండా బయలుదేరి, హెల్మెట్‌తోనే ఇంట్లోకి దూరి తండ్రి నాడి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. "నాకేం గాలేదు. నా చీరకైంది."

సింధూజ జరిగిందంతా ఏకరువు పెట్టింది. అంచులు, ముడతలు, మబ్బు, చప్పుడు. వింటూ వింటూ దయాకర్ మొహం పాలిపోయింది. ఆమె ఫోను తీసుకుని లోపల ఎక్కడెక్కడో నొక్కి ఒక బొత్తాం చూపించాడు. 'అన్నీ మెరుగుపరచు' అని ఉంది. మసకైన అంచులు గీసి, ముడతలు తీసి, మనిషి వెనకాల ఉన్నది చెరిపి, మాట కాని చప్పుడు ఆపేయడం దాని పని.

"నువ్వు కాల్ చేస్తే మగ్గం చప్పుడుకు నీ మాట వినస్తలేదు సింధూ. గందుకే ఆన్ చేసిన" అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బొత్తాం ఆపి మళ్లీ ఫోటో తీసి పంపింది. వెళ్లలేదు. స్వర్ణలత ఆ నంబరును బ్లాక్ చేసినట్టుంది.

"ఆ నంబరు నా ఫోన్ల కొట్టు బిడ్డా" అని సుభద్రమ్మ తన బటన్ ఫోను ముందుకు చాచింది. రింగు మోగి, అవతల హలో అనగానే ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. "అమ్మా, చీర నువ్వు తీస్కో, తీస్కోకపో. మా కోడలు మాత్రం అబద్ధమాడదు. దానికి చాత కాదు. కూరల ఉప్పెక్కువైనా అదే ముందు చెప్తది."

సింధూజ ఇక ఆగలేక ఏడ్చేసింది. కోడలి కన్నీళ్లు చూసి ఏం చెయ్యాలో తోచక లక్ష్మీనర్సయ్య తనకొచ్చిన ఒక్క పనే చేశాడు. వెళ్లి మగ్గమెక్కాడు. టకటకమని నాడె అటూ ఇటూ పరుగెత్తింది.

"అది... మగ్గమేనా?" అంది అవతల స్వర్ణలత.

"మగ్గం గాక మరేంది?"

"మా అమ్మ కూడా నేసేది. ఫోను అట్లాగే ఉంచండి, కాసేపు వింటాను."

సుభద్రమ్మ ఫోనును మగ్గం కొయ్య మీద పెట్టింది. గుమ్మంలో జన్నత్ బీ కూడా నిలబడి వింది. చివరికి స్వర్ణలత సింధూజను పిలవమని, తొందరపడ్డానని ఒప్పుకుని, రేపు పొద్దున బయలుదేరి వస్తానని చెప్పింది. తన చెల్లెలి కూతురి పెళ్లికీ ఒక చీర కావాలంది. అంటే మళ్లీ మగ్గానికి నూలు ఎక్కించాలి. లక్ష్మీనర్సయ్య "గట్లనా" అన్నాడు. మీసం రెండు పక్కలా లేచింది.

వంకాయ కూర మాడిపోయింది. అందరూ అదే తిన్నారు. దయాకర్ రెండుసార్లు వడ్డించుకుని మరీ తిని, బాగుందన్నాడు. ఇంట్లో అబద్ధమాడేది ఎవరో తేలిపోయింది.

గిన్నెలు కడిగేటప్పుడు సుభద్రమ్మ కోడలి పక్కకు జరిగి గొంతు తగ్గించింది.

"రేపు మేడమ్ వచ్చేలోపల ఆ మెరుగులు ఒక్కసారి ఆన్ చెయ్యి బిడ్డా. మీ మామను నా పక్కన నిలవెట్టి ఒక ఫోటో తియ్యాలె."

"నీకు గూడ పెట్టాల్నా అత్తమ్మా, మెరుగులు?"

సుభద్రమ్మ గిన్నె బోర్లించి, కొంగు సర్దుకుంది.

"నాకెందుకు? నేనేం మారిన?"