కొత్త ఎలిత్సాను గుర్తించని మున్సిపాలిటీ

"రోజాతోట వారసులు సీరియల్లో కొత్తగా దిగిన ఎలిత్సాను లిపోవ్నా మున్సిపాలిటీ గుర్తించదు."

మేయర్ స్వెత్లోజార్ మంజుకోవ్ గారు ఆఫీసు మెట్ల మీద నిలబడి, భుజం మీంచి మూడు రంగుల పట్టీ వేసుకుని మైకులో ఈ ప్రకటన చేస్తుంటే, ఎదురుగా నా కాఫీ కొట్టులో ఒక్క చెంచా కదల్లేదు. బల్గేరియా నిండా మున్సిపాలిటీలే. ఇంత తెగువ ఎవరికుంది?

సంగతి ఇది. ఏళ్ల తరబడి ఎలిత్సా వేషం వేసిన నేవెనా గారికీ సోఫియాలోని ఛానెల్ వాళ్లకీ ఎక్కడో చెడింది. సోమవారం ఎపిసోడ్లో ఎలిత్సా తలనొప్పిగా ఉందని మేడ మెట్లెక్కింది. మంగళవారం దిగొచ్చింది వేరే అమ్మాయి. మొగుడు "తలనొప్పి తగ్గిందా?" అని అడిగాడే తప్ప "నువ్వెవరు?" అని అడగలేదు.

మా ఊరి ఆడవాళ్లు భగ్గుమన్నారు.

"ఎలిత్సా రెండుసార్లు చచ్చి బతికింది, ఒప్పుకున్నాం. గతం మర్చిపోయి సొంత మరిదిని పెళ్లాడబోయింది, సర్దుకుపోయాం. కానీ ఆ కొత్త పిల్ల ముక్కేంటి? అది ఎలిత్సా ముక్కేనా?" అంది బేకరీ పెంకా, నా కౌంటర్ మీద చేత్తో కొట్టి.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మేయర్ గారు జనం నాడి పట్టడంలో దిట్ట. వెంటనే పై ప్రకటన వెలువడింది.

ఆ రోజు మెట్ల కింద ఒకే ఒక్క అపస్వరం వినిపించింది. అది స్టాంకా అత్తది. కొండ మీద పైపు పగిలి వేసవి మొదలైనప్పట్నుంచి మా ఊరి కుళాయిలు ఎండిపోయాయి. ఆమె మొగుడు గెంచో పక్షవాతం వచ్చి మంచం మీదున్నాడు. ఆయన ఒళ్లు తుడవాలన్నా, పక్కబట్టలు ఉతకాలన్నా ఊరి చివర ఊట దాకా వెళ్లి ఆ ముసలి చేతులతో మోసుకురావాలి. అందుకే ఆమె ఎక్కడికొచ్చినా రెండు చేతుల్లో రెండు డబ్బాలుంటాయి.

"నాయనా మేయరూ, మా కుళాయి ఎప్పుడొస్తుంది?"

"అత్తా, ఊరంతా ఎలిత్సా కోసం ఏడుస్తుంటే నీకు కుళాయి గుర్తొచ్చిందా?"

"ఏడవడానికైనా ఒంట్లో నీళ్లుండాలి కదయ్యా."

అందరూ నవ్వారు. మేయర్ గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. ప్రజల చమత్కారాన్ని ఆస్వాదించగల నాయకులు ఈ రోజుల్లో అరుదు.

ఆ వారమే కౌన్సిల్ సమావేశం జరిగింది. మొదటి అంశం ఎలిత్సా, రెండోది పైపు. ముక్కు మీద చర్చ భోజనాల వేళ దాకా వాడిగా వేడిగా సాగింది. కొత్త పిల్ల నటన పర్వాలేదని అనడానికి ప్రతిపక్ష నాయకుడు లేచారు గానీ, ఇంట్లో భార్య గుర్తొచ్చి కూర్చున్నారు. పాత ఎలిత్సా మరణించినట్లుగా భావించి సంతాపం పాటించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పైపు అంశం భోజనాల తర్వాతకి వాయిదా పడింది. భోజనాల తర్వాత కోరం లేదు.

సంతాపం అన్నాక కాగితం వేయాలి. మాలో ఎవరైనా పోతే ఫోటో, పేరు, నాలుగు మాటలు అచ్చేయించి ఇంటి తలుపుకీ కరెంటు స్తంభాలకీ బస్టాపుల్లోనూ అంటిస్తాం. పేపరు చదవనివాడు కూడా స్తంభాన్ని చదువుతాడు. ప్రెస్సువాడు మేయర్ గారిని అడిగాడు.

"ఎలిత్సా ఇంటిపేరు ఏం వేయమంటారు సార్?"

ఎలిత్సాకి నాలుగు పెళ్లిళ్లయ్యాయి. ఏ మొగుడి పేరు వేస్తే ఏ వర్గం ఓట్లు పోతాయో తెలీదు.

"ఎందుకొచ్చిన గొడవ? ఆ నటి పేరే వేసెయ్" అన్నారు మేయర్ గారు. నిర్ణయాలు తీసుకోవడంలో ఆయన ఎప్పుడూ ఆలస్యం చేయరు.

తెల్లారేసరికి ఊళ్లో ప్రతి స్తంభం మీదా నల్ల అంచు, సిలువ, నేవెనా గారి నవ్వు ముఖం. కింద "తీరని లోటు. శోకతప్త లిపోవ్నా మున్సిపాలిటీ." సోఫియా బస్సు డ్రైవరు అది చూసి టోపీ తీశాడు. సోఫియా చేరాక కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. సాయంత్రానికి వార్త దేశమంతా పాకింది. ఇంకెవరికో కాదు, కూతురికే ఫోన్ చేసి "నువ్వు పోయావటగదే!" అంటూ నేవెనా గారి తల్లి స్పృహ తప్పింది.

మర్నాడే నేవెనా గారు, వెంట టీవీ కెమెరాలతో, మా చౌరస్తాలో కారు దిగారు.

"నన్ను చంపింది ఎవడ్రా?"

మేయర్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. మరుక్షణం మైకు అందుకున్నారు.

"ప్రజలారా! మన పోరాటం ఫలించింది! ఎలిత్సా బతికొచ్చింది!"

పెద్ద అతిథులకి మేం పలికే స్వాగతం ప్రకారం, పెంకా రొట్టె మీద ఉప్పు గిన్నె పెట్టుకుని ఎదురెళ్లింది. ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని బావురుమన్నారు. నేవెనా గారి కోపం సగం చల్లారింది. స్తంభం మీది కాగితం చింపి చూసుకుని "ఫోటో మాత్రం మంచిది వేశారు" అన్నారు. మిగతా సగం కూడా చల్లారింది.

ఆ ఏడుపులు టీవీల్లో చూసి ఛానెల్ వాళ్లు ఆలోచనలో పడ్డారు. కొత్త పిల్ల తలనొప్పిగా ఉందని మేడెక్కింది. పాత ఎలిత్సా తిరిగొచ్చే మొదటి సీను లిపోవ్నాలోనే తీయాలని నిర్ణయమైంది. దారి తప్పిన ఎలిత్సా ఒక పేదింటి వాకిట్లో కుళాయి తిప్పి ముఖం కడుక్కుంటుంది, గతమంతా గుర్తొస్తుంది. డైరెక్టరు ఊరంతా తిరిగి స్టాంకా అత్త వాకిలి ఎంచుకున్నాడు. అక్కడ పేదరికం చాలా సహజంగా ఉందట.

"కుళాయిలో నీళ్లు రావాలి సార్."

"వస్తాయి" అన్నారు మేయర్ గారు.

వచ్చాయి. గోడ వెనక ఫైరింజన్ నిలబెట్టి, దాని గొట్టాన్ని కుళాయికి తగిలించారు. నేవెనా గారు కుళాయి తిప్పగానే నీళ్లు బుస్సున దూకాయి. ఆ చప్పుడుకి స్టాంకా అత్త డబ్బాలు పట్టుకుని ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"కట్! ఎవరీ ముసలమ్మ? ఫ్రేములోంచి తప్పుకో!"

"ఒక్క డబ్బా నాయనా. మా ఆయన తడిసిన పక్కలో పడున్నాడు. పొద్దుట్నుంచీ మీరు నన్ను గడప దాటనివ్వలేదు."

"సీను అవనీ అత్తా, నీకే పట్టిస్తా" అన్నారు మేయర్ గారు.

నేవెనా గారు ముఖం కడుక్కున్నారు. వెలుతురు చాలలేదని మళ్లీ కడుక్కున్నారు. గతం సరిగ్గా గుర్తు రాలేదని మళ్లీ కడుక్కున్నారు. నీళ్లన్నీ మట్టిలోకి పోతున్నాయి. సీను అయ్యేసరికి ఫైరింజన్ ఖాళీ అయింది. గోడ మీద కూర్చుని చూస్తున్న నాకు చాలా సిగ్గేసింది. తర్వాత మేయర్ గారు అందరికీ మా పళ్ల సారా, రకియా పోయించారు, సిగ్గు తగ్గింది.

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు ఊరంతా నా కొట్టులోనే ఉంది. ముందు వరుసలో మేయర్ గారు. స్టాంకా అత్త ఊటకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. తెర మీద ఎలిత్సా కనపడగానే ఈలలు, కేకలు. ఎలిత్సా తూలుతూ వాకిట్లోకొచ్చింది, కుళాయి తిప్పింది. నీళ్లు దూకాయి.

కొట్టు చల్లబడిపోయింది.

"ఛీ" అంది పెంకా.

"ఏమైందమ్మా?" అన్నారు మేయర్ గారు కంగారుగా.

"స్టాంకా కుళాయిలో నీళ్లా? రాసేవాడికి మతి పోయిందా? చచ్చి బతికిందంటే నమ్మాం, మరిదితో పెళ్లంటే నమ్మాం. మరీ ఇంత కట్టుకథా?"

"అవును, చూసేవాళ్లంటే లెక్కలేదు వాళ్లకి!" అన్నారు వెనకనుంచి. "సీరియల్ పాడైపోయింది!"

"కుళాయి మాదే" అంది స్టాంకా అత్త గుమ్మంలోంచి. ఎవరూ వినలేదు.

మేయర్ గారు మళ్లీ జనం నాడి పట్టారు. లేచి, పట్టీ సవరించుకున్నారు.

"ప్రజలారా, మీ ఆవేదన నాకు అర్థమైంది. ఆ కుళాయిలో వచ్చిన నీళ్లను లిపోవ్నా మున్సిపాలిటీ గుర్తించదు!"

కొట్టు చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ కొట్టాను. కొట్టనిది స్టాంకా అత్త ఒక్కతే. ఆమె రెండు చేతుల్లోనూ డబ్బాలున్నాయి.