బావగారి నలభై ఒక్క జబ్బులు

“నేను రాసిన కోడ్‌లో తప్పు పట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు బావా,” అన్నాడు బామ్మర్ది, ఆసుపత్రి ముందు స్కూటర్ దిగుతూ. ఆ మొనగాడు పుట్టడమే కాదు, లోపల కౌంటర్లో కళ్లజోడు తుడుచుకుంటూ తన కోసమే కూర్చున్నాడని తెలియడానికి అతనికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది.

నిజానికి ఆ ఉదయం పని చాలా చిన్నది. బస్సు డ్రైవరైన బావ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని పన్నెండు లోపు డిపోలో ఇవ్వాలి. ఇవ్వకపోతే స్టీరింగ్ ఇంకొకరి చేతికి పోతుంది, పందొమ్మిదేళ్ల ఉద్యోగం గాల్లో కలుస్తుంది. ఆసుపత్రిలో రోగుల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు తలా ఒక భాగం రాసివ్వొచ్చు. పేరు, పుట్టినతేదీ కొట్టగానే పాత రికార్డు తెరిచే భాగం బామ్మర్దిది. అది పనిచేస్తుంటే చూసి మురిసిపోదామని వెంట వచ్చాడు.

అది బ్రహ్మాండంగా పనిచేసింది. రికార్డు రెప్పపాటులో తెరుచుకుంది. కౌంటర్లోని గుమాస్తా కళ్లజోడు సర్దుకుని, లేచి తన కుర్చీ బావవైపు తోశాడు.

“కూర్చోండి సార్. అసలు మీరు ఎలా రాగలిగారు?”

“స్కూటర్ మీద. ఏమైంది?”

“నలభై ఒక్క జబ్బులున్నాయి సార్. రెండు కాన్పులు కూడా అయ్యాయి. రెండోసారి కవలలు.”

బావ తన పొట్టవైపు అనుమానంగా చూసుకున్నాడు. బామ్మర్దికి అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట ప్రోగ్రామ్‌ని పరీక్షించడానికి, గడులన్నీ నిండిన ఒక ఉత్తుత్తి రోగి కావలసి వచ్చాడు. ఊరూ పేరూ లేనివాణ్ణి పెట్టుకోవచ్చు. కానీ చెయ్యి ఊరుకుంటుందా? బావ పేరు, పుట్టినతేదీ, అక్క ఫోన్ నంబరు పెట్టి, కంటికి కనపడ్డ జబ్బులన్నీ టిక్కు కొట్టాడు. తర్వాత తీసేద్దామనుకున్నాడు. ఆ ఉత్తుత్తి రోగి సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చి ఆసుపత్రిలో కాపురం పెట్టేశాడు.

నిజం చెప్పేద్దామా? బావ చేతులు స్టీరింగ్ తిప్పీ తిప్పీ ఇనుప కమ్మీల్లా ఉన్నాయి. వద్దనుకుని వరండాలోకి జారుకుని, ఆసుపత్రి కంప్యూటర్ గది మేడమ్‌కి మెసేజ్ పెట్టాడు. ‘నలభై ఒక్క జబ్బులున్న మా నమూనా రోగి ఒకడు మీ దగ్గర మిగిలిపోయాడు. తీసేయండి మేడమ్.’

‘తీసేశా.’

అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లో రోగి రికార్డును చెరపడం కుదరదు, మూసేయడమే. మూయడానికి అందులో ఉన్న కారణం ఒక్కటే.

“సార్,” అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి, “మీరు పది నలభై రెండుకి పోయారు.”

కబురు దానంతటదే అక్క ఫోన్‌కి వెళ్లింది. పావుగంటలో అక్క వచ్చింది, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్కింటివాళ్లది. బిస్కెట్ నములుతున్న భర్తను చూసి గోడ పట్టుకుని కూలబడింది.

“ఏమండీ! మీరు పోయారని మెసేజ్ వచ్చిందండీ!”

“నాకూ ఇప్పుడే చెప్పారే.”

డాక్టర్ బావని పరీక్షించాడు. “గుండె గడియారంలా కొట్టుకుంటోంది. కానీ సర్టిఫికెట్ ప్రింట్ చేయాల్సింది కంప్యూటర్. పోయినవాళ్లకి అది చేయదు. ఇదంతా తప్పని రుజువు తెండి.”

పదకొండున్నర అయింది.

“ఎవడో పనికిమాలినవాడు చేసుంటాడు డాక్టర్ గారూ,” అన్నాడు బామ్మర్ది. “ఇలాంటివి వేలమంది రాస్తారు. ఎవడని పట్టుకుంటాం?”

“పట్టుకోవచ్చండీ,” అంటూ కంప్యూటర్ గది మేడమ్ కాగితంతో వచ్చింది. “ఓపెన్ సోర్స్‌లో ఎవరు ఏ లైను రాశారో, ఎందుకు రాశారో అంతా ఉంటుంది. ఈ రోగి పక్కన ‘అన్నీ ఉత్తుత్తివే. చదరంగంలో ఆరుసార్లు ఓడించినందుకు బావకి చిన్న కానుక’ అని ఉంది.”

“ఇంకేం, రుజువు దొరికింది,” అన్నాడు డాక్టర్. “రాసినవాడు సంతకం పెడితే చాలు, మేడమ్ రికార్డు మళ్లీ తెరుస్తారు.”

బామ్మర్ది గడియారం చూశాడు. బావ చేతులు చూశాడు. అక్క వైపు చూసే ధైర్యం లేకపోయింది.

“నేనే బావా,” అన్నాడు. “జబ్బులు పెట్టిందీ నేనే, చంపించిందీ నేనే. ముందు సర్టిఫికెట్ తీసుకో, తర్వాత నా సంగతి చూసుకో.”

సర్టిఫికెట్ పదకొండూ నలభైకి ప్రింటయింది. ఆ తర్వాత కౌంటర్లో నమోదైన కొత్త రోగి ఒక్కడే: ఎడమ చెవి వాపు, కారణం అక్క.