సేటు దవాఖానలో లిఫ్టు దర్శనం

మానవజాతి రెండు రకాలు. లిఫ్టును చూడటానికి వచ్చేవాళ్ళు ఒక రకం, లిఫ్టు ఎక్కవలసి వచ్చినవాళ్ళు రెండో రకం. మొదటి రకం వల్లనే నాగరికత నిలబడిందనీ, రెండో రకం వల్ల దాని మీద ఎక్కడికక్కడ గీతలు పడుతున్నాయనీ ప్రభుత్వం చాలాకాలం ఆలోచించి తేల్చింది. ఆ తీర్పును జనగామలో సేటు దవాఖాన గోడకు ఇత్తడి పలక మీద చెక్కించి పెట్టారు. ఎవరైనా నిలబడి చదువుకోవచ్చు, నిలబడగలిగితే.

ఈ దవాఖానను నైజాం కాలంలో ఒక పత్తి సేటు కట్టించాడు. ఆయన తల్లికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడను మంచంతో సహా మూడో అంతస్తు గాలికి చేర్చడానికి సముద్రాల అవతలి నుంచి ఓడలో లిఫ్టు తెప్పించాడు. టేకు గోడలు, నిలువుటద్దం, జరిపితే చప్పుడు చేసే ఇత్తడి కటకటాల తలుపు. ముసలమ్మ పోయాక అందులో రోగులు ఎక్కారు. నొప్పులు పడే ఆడవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, ఎద్దు పొడిచినవాళ్ళు, అందరినీ మోసింది. ఏనాడూ మొరాయించలేదు. అదే దాని కొంప ముంచింది. సర్కారు భవనంలో పాత వస్తువొకటి పనిచేస్తున్నదన్న కబురు రాజధాని దాకా పాకింది. విన్నవాళ్ళు ముందు నమ్మలేదు, తరువాత అది వారసత్వ సంపద అని నిర్ణయించారు.

సంపద అన్నాక కాపలా ఉండాలి కదా. వారసత్వ ఊర్ధ్వగమన యంత్రాల పరిరక్షణ మండలి వెలిసింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాలూ దాని కిందికి వస్తాయి. మహబూబాబాద్‌లో దానికి ఆఫీసు ఉంది, లిఫ్టు లేదు. భూపాలపల్లిలో లిఫ్టూ లేదు, ఆఫీసూ లేదు, ఉద్యోగులు మాత్రం ఉన్నారు (అక్కడి నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదని మండలి గర్వంగా చెప్పుకుంటుంది). మండలి చేసిన మొదటి పని రోగులను లిఫ్టు ఎక్కకుండా ఆపడం. చెమట టేకుకు చెరుపు, మూలుగుల అదురుకు అద్దం బీటలు వారుతుంది అని నిపుణులు చెప్పారట. రోగుల కోసం కొత్త లిఫ్టు వస్తుందన్నారు. గొయ్యి తవ్వారు, శిలాఫలకం వేశారు. వానాకాలం ఆ గోతిలో నీళ్ళు నిలుస్తాయి. డెంగీ వార్డు పక్కనే కాబట్టి దోమలకు దూరప్రయాణం తప్పింది.

అప్పటి నుంచి రోగులను దుప్పటి జోలెలో వేసి మోస్తున్నారు. నాలుగు మూలలు నలుగురు పట్టుకుంటే మనిషి మధ్యలో కుండలా కుదించుకుపోయి పైకి చేరతాడు. స్ట్రెచర్ మీద తీసుకుపోదామంటే మెట్ల మలుపులో తిరగదు. లిఫ్టు ఉందిలే అన్న ధీమాతో సేటు మెట్లను ఇరుకుగా కట్టించాడు. పాపం, మన సంగతి ఆయనకు తెలియదు.

ఇక సుమన సంగతి. ఆమె పెనిమిటి ఐలేశ్‌ది నర్మెట్ట, జనగామ మార్కెట్‌లో హమాలీ. లారీ మీద ధాన్యం బస్తాలు పేరుస్తూ జారి కింద పడ్డాడు, వరస బస్తాలు మీద పడ్డాయి, తొడ ఎముక విరిగింది. ఎముకల డాక్టరు వరంగల్ నుంచి బుధవారం మాత్రమే వస్తాడు. ఒక బుధవారం ఆయన సెలవు, మరో బుధవారం ఆపరేషన్ గదిలో కరెంటు లేదు. మూడో బుధవారం పొద్దున్నే కింది వార్డుకు వచ్చి చూసి, ఉన్న మాట చెప్పాడు.

"ఇప్పటికే ఆలస్యమైంది. ఇవాళ చేస్తే మళ్ళీ బస్తాలు మోస్తాడు. ఇంకో వారం ఆగితే ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఇక మోయడం కల్ల. పైకి తీసుకురండి. జోలెలో మాత్రం వద్దు. వంగితే రక్తనాళం తెగుతుంది."

అంత మాట అని ఆయన మూడో అంతస్తుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం రైలుకు మళ్ళీ వరంగల్ పోవాలి. అంటే సుమన చేతిలో ఉన్నది ఆ రైలు వచ్చేలోపు సమయం. ఐలేశ్‌కు వీపు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ వీపు మీదే ఇల్లు నడుస్తోంది. స్ట్రెచర్ తోసుకుంటూ ఆమె లిఫ్టు దగ్గరికి వచ్చింది.

అక్కడ పండగలా ఉంది. బుధవారం నాడు పురాతన లిఫ్టుల అన్వేషణ యాత్ర ఉంటుంది. హైదరాబాద్ నుంచి చల్లటి బస్సులో వచ్చిన పెద్దమనుషులు మెడలో బిళ్ళలు, నెత్తి మీద టోపీలు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. దసరాకు చేసిన ఆయుధ పూజ కుంకుమ ఇంకా తలుపు మీదే ఉంది. పైన నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. చెప్పులు బయట విడవాలి. మూడు జిల్లాల ఊర్ధ్వగమన అధికారి శివప్రసాద్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"సారూ, మా ఆయనను జర పైకి తీస్కపోనియ్యుండ్రి. డాక్టరు సారు ఎదురుజూస్తున్నడు."

"ఈయన ఎవరమ్మా?"

"పేషెంటు సారూ."

శివప్రసాద్ ముఖం నిజంగానే చిన్నబోయింది (మంచి మనిషి. చెడ్డవాడైతే తిట్టి గెలిచే దారైనా ఉండేది). "అదేనమ్మా చిక్కు. సందర్శకుడైతే నేనే దగ్గరుండి ఎక్కించేవాణ్ణి."

"మరి వాళ్ళంత ఎక్కుతున్నరు గద?"

"వాళ్ళకు ఏ రోగమూ లేదమ్మా."

"రోగం లేనోళ్ళకు దవాఖానల లిఫ్టెందుకు సారూ?"

"చూడటానికి," అన్నాడు ఆయన ఓపిగ్గా.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. ఇక్కడ దేవుడు తలుపు తెరుచుకుని ఎదురుగానే ఉన్నాడు.

"కాళేశ్వరం కాడ గోదారినే ఎత్తి గుట్టలు దాటిచ్చిన్రు. గీ ఒక్క మనిషిని ఎత్తుతందుకు గింత కథనా సారూ?"

"గోదావరి నీళ్ళు మూలగవమ్మా," అన్నాడు శివప్రసాద్. కాసేపు ఆలోచించి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. సందర్శకుడిగా నమోదు చేయించు. యాప్‌లో ఉంది. డబ్బులేం లేవు. నేను చూడనట్టు ఉంటాను."

సుమన ఫోన్‌లో యాప్ దింపింది. సందర్శన ఉద్దేశం ఏమిటని అడిగింది యాప్. చరిత్రాభిమానం, ఛాయాచిత్రకళ, బాల్యస్మృతులు అని మూడే ఉన్నాయి. నొప్పి లేదు. బాల్యస్మృతులు నొక్కింది. తరువాత ప్రశ్న: 'కరెంటు పోతే మీరు మెట్లు ఎక్కి దిగగలరా?' ఆమె 'లేను' నొక్కింది. క్షమించాలి, మీరు లిఫ్టు ఎక్కడానికి అర్హులు కారు అంది యాప్. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఈసారి 'ఎక్కగలను' నొక్కింది. స్వాగతం ఐలేశ్ గారూ అంది యాప్. పుట్టి ఇన్నేళ్ళకు ఐలేశ్‌ను గారూ అన్నది ఆ ఒక్క ఫోనే.

దవాఖాన చొక్కా విప్పించి మామూలు చొక్కా తొడిగారు. మెడలో బిళ్ళ వేశారు, నెత్తికి టోపీ పెట్టారు. స్ట్రెచర్‌కు చక్రాలున్నాయి కాబట్టి అది వాహనమనీ, ఐలేశ్ వాహనంలో విచ్చేసిన సందర్శకుడనీ శివప్రసాద్ అక్కడికక్కడే తేల్చేశాడు. ఇంతటి ఉదారత ఆ మండలి చరిత్రలో లేదు.

తలుపు మూసుకుంది. గైడు శ్రీజ సేటు తల్లి మోకాళ్ళ కథ మొదలుపెట్టింది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి లేచింది. ఐలేశ్ గొంతులో మూలుగు పుట్టింది, సుమన అరచేత్తో నోరు మూసింది.

"సుమనా, అందరు నన్నే జూస్తున్నరు. ఏమనాలె?"

"అద్దం బాగున్నదను."

"అద్దం బాగున్నది," అన్నాడు ఐలేశ్ పళ్ళు బిగబట్టి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ప్రాంతపు మనుషులకు వారసత్వం మీద ఎంత మమకారమో అని ఒక పెద్దాయన భార్యతో అన్నాడు. నలుగురైదుగురు ఫోటో తీసుకున్నారు.

మూడో అంతస్తు వచ్చింది. కటకటాల అవతల, నాలుగడుగుల దూరంలో ఆపరేషన్ గది. గ్లౌజులు తొడుక్కున్న చేతులు పైకెత్తి డాక్టరు తయారుగా నిలబడి ఉన్నాడు. నర్సు అరుంధతి పరుగున వచ్చింది. "తెచ్చినవా సుమనా, దా, దా."

తలుపు తెరుచుకోలేదు.

"ఈ అంతస్తులోకి పేషెంట్లకే ప్రవేశం మేడమ్. సందర్శకులు లిఫ్టులో నుంచే చూడాలి," అంది శ్రీజ.

"ఈయన పేషెంటే గదమ్మా."

"పేషెంటైతే లిఫ్టులో ఉండకూడదు మేడమ్," అంది శ్రీజ. ఆ పిల్ల మాటలో తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు.

సుమన రెండు చేతులతో కటకటాలు పట్టుకుని ఊపింది. అరుంధతి సందులో నుంచి చెయ్యి దూర్చి స్ట్రెచర్ కడ్డీ అందుకుంది. డాక్టరు వచ్చి తలుపును అటూ ఇటూ లాగి చూశాడు. అది కింద శివప్రసాద్ మీట నొక్కితేనే తెరుచుకుంటుంది, శివప్రసాద్ ఇచ్చిన మాట ప్రకారం ఇటు చూడకుండా కూర్చున్నాడు. దర్శన సమయం ముగిసిందని గంట మోగింది. లిఫ్టు కిందికి కదిలింది. అరుంధతి చెయ్యి వెనక్కు తీసుకుంది.

"మీ పాడుగాను, మీ లిఫ్టు పాడుగాను," అని సుమన ఏడుస్తూనే ఉంది కింది దాకా. కింద దిగగానే యాప్ మోగింది. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగింది.

కాసేపటికి డాక్టరు మెట్లు దిగి రైలుకు పోతూ వాళ్ళ దగ్గర ఆగాడు. వచ్చే బుధవారం తప్పకుండా చేద్దామన్నాడు. వచ్చే బుధవారం ఆయనను శిక్షణకు పంపారు (ఉద్యోగంలో ఇంకా పైకి రావడానికి).

ఎముక వంకరగానే అతుక్కుంది. కాలు పొట్టిదైంది, నేల మీద మోపితే చాలు ప్రాణం పోతుంది. మార్కెట్ మేస్త్రీ బస్తా వంక చూశాడు, ఐలేశ్ వంక చూశాడు, ఇంకొకణ్ణి పిలిచాడు. ఇక మిగిలింది వికలాంగుల పింఛను. దానికి ధ్రువపత్రం కావాలి. దాన్ని సేటు దవాఖానలోనే ఇస్తారు, మూడో అంతస్తులో. ధ్రువపత్రం ఉన్నవాళ్ళను లిఫ్టు ఎక్కనిస్తారు.

తోటి హమాలీ మాజిద్, ఇంకో ఇద్దరు మిత్రులు మార్కెట్ పని మానుకుని వచ్చారు. "దా ఐలన్నా, నువ్వేమన్న ధాన్యం బస్తా కన్న బరువా," అని మాజిద్ వీపు వంచాడు. ఇప్పుడు ఎంత వంచినా తెగేదేమీ లేదు కదా. ఒకరు అలసిపోతే ఒకరు మోస్తూ పైకి చేర్చారు. జీవితమంతా బస్తా కింద ఉన్నవాడు ఆ రోజు బస్తా అయ్యాడు.

లోపల బోర్డు కూర్చుని ఉంది. ఇద్దరు డాక్టర్లు, వాళ్ళ పక్కన పైకి వెళ్ళే విషయాల్లో నిపుణుడిగా శివప్రసాద్. ఆయన సుమనను గుర్తుపట్టి ఆప్యాయంగా నవ్వాడు. కంప్యూటర్‌లో ఐలేశ్ పేరు కొట్టి చూశాడు, నవ్వు తగ్గింది.

"అమ్మా, మెట్లు ఎక్కి దిగగలనని యాప్‌లో ఉంది కదా."

"అది లిఫ్టు ఎక్కుతందుకు నొక్కిన సారూ. నువ్వే గద జెప్పినవు."

"నేను నమోదు చెయ్యమన్నాను, అబద్ధం చెప్పమనలేదు కదమ్మా. అయినా లిఫ్టు ఎక్కకుండా ఇప్పుడు పైకి ఎట్లా వచ్చాడు?"

"మెట్ల మీదికెళ్ళి సారూ. గీళ్ళు మోసుకొచ్చిన్రు."

బోర్డు తమలో తాము మాట్లాడుకుంది. అభ్యర్థి స్వయంగా ఇచ్చిన ధ్రువీకరణను బట్టీ, మెట్ల మార్గంలోనే మూడో అంతస్తుకు వచ్చి హాజరైనందువల్లా వైకల్యం లేదని రాసి, ముద్ర కొట్టి సుమన చేతికిచ్చింది. మెట్లు ఎక్కగలడని ప్రభుత్వం ధ్రువీకరించిన మనిషిని మాజిద్ మళ్ళీ వీపున వేసుకుని మెట్లు దించాడు.