లైల్ హేవర్‌క్యాంప్ శ్వాసవిజయము

అయోవా మొక్కజొన్న చేలను నిలువునా పేలాలుగా వేయింపదలచెనా అన్నట్లు సూర్యుడు చెలరేగిన ఆగస్టు మాసాంతపు మధ్యాహ్నమున, ఒక గ్రంథాలయమును మూడు ఫుట్‌బాల్ మైదానములను కట్టించి తన విద్యాభిమానమును చాటుకొన్న ఒక చిన్న కళాశాలయందు, ఒక మహావీరుడు ఊపిరి పీల్చుకొనుటకై సల్పిన ఘోరసమరమును ఆలకింపుడు.

ఆ వీరుడు లైల్ హేవర్‌క్యాంప్. గజస్కంధుడు, శిరస్త్రాణధారి, భోజనశాలా భయంకరుడు. మూడేండ్లు ఆడనివారి బల్లపై కూర్చొని, ఈ యేడే మొదటి జట్టుకెక్కినవాడు. ముందుకు వంగి, కోడిగుడ్డు ఆకారపు బంతిని కాళ్ల సందుగుండా వెనుకవానికి అందించుట అతని ధర్మము. అతడు అందింపనిదే ఆట కదలదు.

పాత కోచ్ కాలమున, బంతి అందించి ఆడు ప్రతి ఎత్తుకు ముందును పదకొండుగురు వీరులు గుమిగూడి, తలలు కలిపి, వ్యూహరచన యను పేరిట రాత్రి భోజనమును చర్చించుకొని, సుఖముగా ఆయాసము తీర్చుకొని, సుఖముగా ఓడిపోయెడివారు.

అట్టి స్వర్గమున గార్లండ్ ష్రోడర్ అను కొత్త కోచ్ అవతరించెను. కృశాంగుడు, ఈలకంఠుడు, జన్మలో కుర్చీ నెరుగనివాడు. ఆయన శాసనములు రెండు. గుమిగూడుట నిషిద్ధము, ఎత్తు వెంట ఎత్తు వేయవలసినదే. బంతి ప్రాణము, అది నిద్రలోనైనను చంక వీడరాదు. ఆనాటినుండి తత్త్వశాస్త్రపు తరగతికి బంతులు వచ్చుచుండెను, పుస్తకములు వచ్చుట మానెను.

శనివారము తొలి పోటీ. చివరి సాధననాడు ష్రోడర్ ప్రకటించెను.

“ఆట ఆగేలోపు ఎవడి మోకాలు నేలకు తగిలినా, వాడు శనివారం బల్ల మీదే. ఆయాసమొస్తే నాకు చెప్పకండి. ఇంటికెళ్లి మీ అమ్మకు చెప్పుకోండి.”

ఈల మ్రోగెను. ఎత్తు, మరల ఎత్తు, మరల ఎత్తు. బూటు తాడు ఊడినదని మోకరిల్లిన వీరుడొకడు అప్పుడే బల్ల నలంకరించెను. హేవర్‌క్యాంపుని ఊపిరితిత్తులు చిరిగిన కొలిమితిత్తులవలె బుసకొట్టెను. ఫాలభాగమునుండి స్వేదధారలు బంతిపై వర్షించెను. పర్వతోపమమగు ఆ దేహమును ఇంతకాలము మోసిన మోకాళ్లు తిరుగుబాటు జెండా నెత్తెను.

“డెస్మండ్, నా మోకాలు నా మాట వినట్లేదురా,” అని పక్కవానితో గొణిగెను.

“పడితే అటు పడు. నన్ను లాక్కుపోకు.”

“మూడేళ్లు కూర్చున్నానురా ఆ బల్ల మీద.”

“అయితే నీకు చోటు చూపించక్కర్లేదు.”

అప్పుడు, నాలుగేండ్ల విద్యాభ్యాసమున ఎన్నడును పుట్టని వస్తువొకటి హేవర్‌క్యాంపుని శిరస్త్రాణమున పుట్టెను. అది ఆలోచన. అతడు బంతిని పైకెత్తి గంభీరముగా పలికెను.

“కోచ్, బంతి తడిసింది.”

“తుడుచుకుని అందించు. కదులు.”

“దేంతో తుడవను కోచ్? నా ఒంటిమీద పొడిగా ఏదీ లేదు. జారిపోతే పోనివ్వమంటే పోనిస్తాను. ప్రాణం అన్నది మీరే.”

ష్రోడరుని రెండు శాసనములు ఒకదాని జుట్టు నొకటి పట్టుకొనెను. ఆయన తువాలుతో పరుగున వచ్చెను. బంతిని శిశువువలె తొడపై నిడుకొనుటకు తన మోకాలినే నేలకానించెను.

“ఇక చాలా?”

“కుట్ల దగ్గర ఇంకా తడి ఉంది కోచ్. మీరు బాగా తుడుస్తున్నారు.”

“కోచ్ మోకాలు చూశావా?” అని డెస్మండ్ గుసగుసలాడెను.

“మాట్లాడించకు. ఊపిరి పీల్చుకుంటున్నా.”

దిక్కులారా, వినుడు. ఆరు నిండు శ్వాసలు! మోకాలు వంచక, బల్లకు మరలక, శత్రువు చేతనే బంతి తుడిపించుకొని, హేవర్‌క్యాంపుడు నిలువుకాళ్లపై ఆరు శ్వాసలను జయించెను. శనివారమున మొదటి జట్టులో నిలిచెను. ఆ కళాశాల ఆ సంవత్సరమున గెలిచినది అదొక్కటే.