నాలుగు వరసల బృందగానం

కరువును పాటతో ఎదుర్కోవాలని ప్రభుత్వం నిశ్చయించిన సంగతి 1979 వేసవిలో సమితి ఆఫీసు నోటీసు బోర్డు ద్వారా లోకానికి తెలిసింది. కరువు శాఖ మంత్రిగారు ఎర్రగుట్టపల్లి పేటలో కొత్త బోరును స్వహస్తాలతో ప్రారంభిస్తారనీ, ఆ శుభసమయంలో నలభై మంది గ్రామీణ మహిళలు బృందగానం చేస్తారనీ అందులో ఉంది. బోరులో నీళ్లు పడలేదన్న ముక్క అందులో లేదు. నోటీసు బోర్డు చిన్నది.

రిగ్గు లారీ రెండొందల అడుగులు తవ్వింది. మొదట ఎర్రదుమ్ము వచ్చింది, తర్వాత తెల్లదుమ్ము వచ్చింది. తేదీ అప్పటికే ఖాయమైపోయింది. నీళ్లను వాయిదా వేయొచ్చు గాని, మంత్రిని ఎవడు వాయిదా వేస్తాడు?

బి.డి.ఓ. గారు జీపేసుకుని నల్లమాడ రోడ్డు మీద కంకర కొట్టే చోటికి వచ్చి యేసన్నను పిలిపించారు. యేసన్న ఆరు రోజులు కంకర కొడతాడు. ఏడో రోజు చర్చిలో పాటలు నేర్పుతాడు.

"నలభై మంది, నాలుగు వరసలు, ఒక పాట. పది రోజుల్లో తయారుచెయ్యాలి."

"నాలుగు వరసలెందుకు సార్? మా చర్చిలో రెండే."

"రెండైతే సందుల్లోంచి ట్యాంకరు కనపడుతుంది."

బి.డి.ఓ. దాపరికం లేని మనిషి. విడమరిచి చెప్పారు. పంపు వెనక ట్యాంకరు నిలబెడతారు. దాని పైపు మట్టి కిందుగా పంపులోకి పోతుంది. మంత్రిగారు పంపు కొడితే నీళ్లొస్తాయి. ట్యాంకరు పైభాగాన్ని స్వాగతం బ్యానరు కప్పుతుంది. కింది భాగాన్ని సంస్కృతి కప్పాలి.

యేసన్న తల గోక్కున్నాడు. "మా ఆడోళ్లు మూడు మైళ్లు పోయి వంకలో చెలమ నీళ్లు తోడుకోనొస్తాండారు సార్. సభ అయినాక ఆ ట్యాంకరు మా పేటకు ఇడిసిపెడతారా?"

"ఎలా కుదురుతుందయ్యా? మధ్యాహ్నం పక్క ఊళ్లో కూడా ఇదే ప్రారంభోత్సవం. వాళ్ల బోరులో మాత్రం నీళ్లు పడొద్దా?"

ఇంతటి సమదృష్టికి యేసన్న దండం పెట్టాడు.

పాట బి.డి.ఓ. గారే రాశారు. 'జలధారల దాతా, జననేతా' అని మొదలవుతుంది. ఒక షరతు కూడా పెట్టారు. కారు దుమ్ము కనపడినప్పుడు పాట ఎత్తుకుంటే, ఆ కారు తిరిగి కదిలేదాకా ఆగకూడదు. కాస్త సందు దొరికితే ఎవరో ఒకరు అర్జీ ఇచ్చేస్తారు.

మొదటి రోజు కంకరకుప్పల దగ్గరే జరిగిన అభ్యాసంలో వెనక వరస హనుమక్క సమ్మెట కింద పెట్టి అడిగింది. "ఈ జలధారలు యాడుండాయన్నా?"

"పాటలో ఉండాయి. గట్టిగా పాడు."

గట్టిగానే పాడారు. చిక్కల్లా చరణం చివర వచ్చింది. నలభై మందీ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఆ మౌనంలో రెండు అర్జీలు ఇవ్వొచ్చునని బి.డి.ఓ. గారు గడియారం చూసి తేల్చారు.

యేసన్న రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు అన్నాడు: "ఇది చర్చి పాట కాదక్కా. ఇత్తనం కాయలు ఒలిచేటప్పుడు పాడినట్ల పాడండి."

ఆడవాళ్లందరూ నవ్వారు. విత్తనానికి శనక్కాయలు ఒలిపించే రైతు, గింజలు నోట్లో వేసుకోకుండా కూలి ఆడవాళ్ల చేత పాట పాడిస్తాడు. పాడే నోరు నమలలేదని ఆయన ధీమా. అరుగు మీద కూర్చున్నవాడి చెవికి పాట ఆగకపోతే చాలు. లోపల సగం మంది పాడతారు, సగం మంది నములుతారు, ఆ తర్వాత వంతు మారుతుంది. విత్తనం ఎందుకు తరుగుతోందో ఇన్నేళ్లలో ఏ రైతూ కనిపెట్టలేదు. ఏటా ఎలకల మందు మాత్రం కొంటున్నారు.

"ఒకరు ఇడిసిన కాడ ఇంకొకరు అందుకోవల్ల. గొంతు తగ్గినట్ల తెలీకూడదు," అన్నాడు యేసన్న.

వారానికి బి.డి.ఓ. గారు వచ్చి, కళ్లు మూసుకుని అరగంట విన్నారు. ఎక్కడా సందు లేదు. ఈ ప్రాంతపు మహిళలకు ఊపిరి అవసరం లేదని పైకి రిపోర్టు పంపారు. ఆయన కళ్లు మూసుకున్నంతసేపూ ఇరవై మంది పోయి కట్టెలు ఏరుకొచ్చుకున్న సంగతి రిపోర్టులో లేదు.

చివరి ఆజ్ఞ ముందురోజు వచ్చింది. "ప్రతి ఒక్కరూ ఒక ఖాళీ బిందె తేవాలి. నీళ్లకోసం వచ్చినట్టు సహజంగా ఉంటుంది."

"ఖాళీవేనా సార్?" అంది హనుమక్క.

"వచ్చేటప్పుడు ఖాళీగా ఉండాలి. పోయేటప్పుడు మీ ఇష్టం."

హనుమక్క యేసన్న వైపు చూసింది. యేసన్న కంకరకుప్ప వైపు చూశాడు.

మంత్రిగారు రెండు గంటలు మాత్రమే ఆలస్యంగా దయచేశారు. ట్యాంకరు డ్రైవరు మద్దిలేటి ఫొటోలో పడదామని ముందుకొచ్చి నిలబడ్డాడు. యేసన్న చెయ్యెత్తాడు. పాట లేచింది. పాట నడిపేవాడి వీపే సభకు కనపడుతుంది కనుక, ఆ తర్వాత యేసన్న ముఖం ఎలా ఉందో పత్రికలవాళ్లు రాయలేకపోయారు.

మంత్రిగారు పంపు పట్టుకుని కొట్టారు. నీళ్లు దూకాయి. చప్పట్లు మోగాయి. ఫొటోగ్రాఫరు 'ఇంకోసారి' అన్నాడు. ఇంకోసారి కొట్టారు. ధార సన్నబడింది. మరి నాలుగు దెబ్బలకు పంపు కిర్రుమంది.

"ఏమయ్యా, నీళ్లు?" అన్నారు మంత్రిగారు, కెమెరా వైపు నవ్వు చెదరకుండా.

"వస్తాయి సార్. పాట అయిపోగానే వస్తాయి," అన్నారు బి.డి.ఓ. గారు.

వెనక్కి పోయి చూద్దామంటే వరసలు విడదీయాలి. వరసలు విడదీస్తే ట్యాంకరు బయటపడుతుంది. పాట ఆగితే కిర్రు ఊరందరికీ వినపడుతుంది. బి.డి.ఓ. గారు చెమట తుడుచుకుంటూ యేసన్న పక్కకొచ్చి, వేలు గాల్లో గుండ్రంగా తిప్పారు. మళ్లీ మొదటినుంచి అని.

"ఎన్నిసార్లు సార్?"

"నేను చెప్పేదాకా."

"సరే సార్. మీరు చెప్పినట్లే."

యేసన్న పల్లవి ఎత్తించాడు. వెనక వరసలోకి హనుమక్క మోకాళ్లదాకా తడిసిన చీరతో వచ్చి, తిప్పమ్మ విడిచిన చోట 'జలధారల దాతా' అందుకుంది. తిప్పమ్మ ఖాళీ బిందె తీసుకుని ట్యాంకరు వైపు తగ్గింది. గొంతు ఎక్కడా తగ్గలేదు.

మంత్రిగారు పంపు కొడుతూనే ఉన్నారు. తాళం తప్పలేదు.